చిన్న సైజు గేమ్ కన్సోల్ కావాలి, సినిమాలు కూడా రావాలి. ఏది కొనాలి?

రేపల్లె కుర్రాడు:
మధ్యాహ్నం నుంచి ఇదే పని మీద ఉన్నాను, బుర్ర వేడెక్కిపోయింది. మా వాడు ఆడుకోవడానికి ఒక కన్సోల్ కొనాలి. టీవీ కింద అరలో పట్టాలి, అందులోనే సినిమాలు కూడా చూసుకోవాలి. అంతే కదా నేను అడిగేది! ఒక షాపులో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చూపించి "అన్నీ వస్తాయి సార్" అన్నారు. పక్క షాపులో "దాంట్లో సినిమాలు రావు, సోనీ ప్లేస్టేషన్ 5, అదే పీఎస్5 స్లిమ్ తీసుకోండి" అన్నారు. వీడియోలు చూస్తే ఒక్కొక్కడు ఒక్కో మాట. నలభై వేల దాకా పెట్టగలను. ఒక్క ముక్కలో చెప్పండి.

హైటెక్ చిచ్చా:
సినిమాలు దేంట్లో ఉన్నాయి?

ఫ్రేమ్‌రేట్ రాజు:
కళ్ళు మూసుకుని సిరీస్ ఎస్ తీసుకో బ్రో. పొడవు 27.5 సెంటీమీటర్లు, వెడల్పు 15.1, మందం 6.5. రెండు కిలోల బరువు కూడా ఉండదు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, యూట్యూబ్ అన్నీ ఉన్నాయి. డిస్క్ పెట్టే చోటు లేదు, ఉండి ఏం చేస్తాం? డిస్కుల కాలం పోయింది.

రిటైర్డ్ ఏఈ:
డిస్కుల కాలం పోయిందన్న మాటకు నా అభ్యంతరం. ఓటీటీలో ఇవాళ ఉన్న సినిమా హక్కులు అయిపోగానే మాయమవుతుంది. మీరు కట్టేది అద్దె, అంతే. నాణ్యత సంగతికొస్తే, 4కె బ్లూరే డిస్కులో, అంటే డీవీడీ కన్నా ఎంతో స్పష్టమైన బొమ్మ ఇచ్చే డిస్కులో, 100 జీబీ దాకా పడుతుంది. ఇంట్లో నెట్ మీద వచ్చే 4కెకు సెకనుకు 15 మెగాబిట్లు చాలంటారు. డిస్కులో అది వంద దాటగలదు. నెట్‌లో చూస్తే చీకటి సీన్లలో ఆకాశం చారలు చారలుగా కనిపించేది అందుకే. సౌండ్ తేడా చెవి ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అసలు 2006లో సోనీ పీఎస్3లో బ్లూరే పెట్టి ఉండకపోతే, 2008లో తోషిబా బ్లూరేకు పోటీగా తెచ్చిన హెచ్‌డీ డీవీడీని అంత తొందరగా వదులుకునేదా? ఇవి ఈ తరానికి ఎవరు చెప్తారు!

ఫ్రేమ్‌రేట్ రాజు:
అంకుల్, తెలుగు సినిమాలు 4కె డిస్కుల్లో ఎన్ని వచ్చాయో చెప్పండి, చాలు.

రిటైర్డ్ ఏఈ:
ఎన్ని వచ్చాయన్నది కాదు నాయనా, సూత్రం ముఖ్యం.

బెజవాడ జాయ్‌స్టిక్:
సూత్రాలు తర్వాత. పీఎస్5 స్లిమ్‌లో రెండు రకాలు, డిస్క్ డ్రైవ్ ఉన్నది, లేనిది. లేనిది కొని డ్రైవ్ తర్వాత తగిలించుకోవచ్చు, మొదటిసారి జత చేసేటప్పుడు నెట్ ఉండాలి. కానీ మీ నలభై వేలు చాలవు. పేరుకు స్లిమ్మే గానీ 35.8 సెంటీమీటర్లు ఉంటుంది, అరలో అయితే పడుకోబెట్టాలి, చుట్టూ గాలి ఆడాలి. ఇంకోటి, సినిమాలు పెన్‌డ్రైవ్‌లో ఉంటే,  ఎక్స్‌బాక్స్‌లో అయితే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ వేసుకోవచ్చు.

రిటైర్డ్ ఏఈ:
'స్లిమ్' అని సోనీ పెట్టె మీద పేరు పెట్టలేదు. దాని మీద పీఎస్5 అనే ఉంటుంది.

ఫ్రేమ్‌రేట్ రాజు:
మరి షాపులో ఏమని అడగాలి అంకుల్, సన్నది ఇవ్వమనా?

రిటైర్డ్ ఏఈ:
మోడల్ నంబరు చూసి అడగాలి. సీఎఫ్ఐ-2000 వరుస.

హైటెక్ చిచ్చా:
మళ్ళీ అడుగుతున్నా. సినిమాలు దేంట్లో ఉన్నాయి?

రేపల్లె కుర్రాడు:
డిస్కుల్లోనే కదండీ! నాన్నగారివి ఒక అట్టపెట్టెడు ఉన్నాయి. పాత తెలుగు సినిమాలు, ఒక్కో సినిమాకు రెండేసి, మూడేసి సీడీలు. మా అక్క డాలస్ నుంచి తెచ్చిన కార్టూన్ డీవీడీలు కూడా ఉన్నాయి.

హైటెక్ చిచ్చా:
నాన్నగారివి వీసీడీలు, అంటే వీడియో సీడీలు. పీఎస్5లో రావు, పీఎస్4లో రావు, ఏ ఎక్స్‌బాక్స్‌లోనూ రావు. డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి రీజియన్ అంకె ఉంటుంది, అక్కవాళ్ళవి రీజియన్ 1, మనది 5. డబ్బా వెనక భూగోళం బొమ్మలో అంకె చూడు. ఇక్కడ కొన్న కన్సోల్ వాటిని ఒప్పుకోదు.

బెజవాడ జాయ్‌స్టిక్:
ఇది మొదట్లోనే రాసుంటే ఇంత చర్చ ఉండేది కాదు. వీసీడీలకు మామూలు డీవీడీ ప్లేయర్ చాలు. లేదా డిస్క్ డ్రైవ్ ఉన్న కంప్యూటర్లో పెట్టండి. ఎంపెగ్ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్లో డాట్ (.DAT) ఫైళ్ళు ఉంటాయి, సినిమా వాటిలోనే ఉంటుంది. వాటిని కాపీ చేసుకుని ఎంపీ4గా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేస్తే రెండు కంపెనీల కన్సోళ్ళలోనూ వస్తాయి. గీతలు పడ్డ డిస్కుల మీద ఆశ పెట్టుకోకండి.

రిటైర్డ్ ఏఈ:
వీసీడీ బొమ్మ 352×288 మాత్రమే. పెద్ద టీవీలో చూస్తే మొహాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. ముందే చెప్తున్నాను.

రేపల్లె కుర్రాడు:
నాన్నగారికి అది పట్టింపు లేదులెండి. సరే, సిరీస్ ఎస్ చూస్తాను. థాంక్స్.

కొత్త సభ్యుడు:
ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. నా దగ్గర 2020 నాటి డిజిటల్ పీఎస్5 ఉంది, డిస్క్ డ్రైవ్ లేనిది. ఆ విడి డ్రైవ్ దీనికి పడుతుందా?

హైటెక్ చిచ్చా:
పడదు.