వేట నిషేధానికి ముందు ఇంజన్ ఆయిల్ మార్చాలా, తర్వాత మార్చాలా? బోటు మోటారును ఆయిల్‌లోని అడిటివ్‌లు ఎలా కాపాడతాయి?

ప్రశ్న (కాశిమేడు, చెన్నై)

పెద్దలకు నమస్కారం. మా కుటుంబం నెల్లూరు తీరం నుంచి వచ్చి కాశిమేడులో స్థిరపడింది. మా చిన్నాయనకు ఒక డీజిల్ మరబోటులో వాటా ఉంది. అది కాక, దగ్గరి వేటకు వాడే ఒక ఫైబర్ పడవ, దాని వెనక బయట తగిలించే ఫోర్‌స్ట్రోక్ పెట్రోల్ మోటారు (ఔట్‌బోర్డ్) సొంతంగా ఉన్నాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం కాబట్టి, ఆ 61 రోజులూ మరబోటు రేవులో కట్టే ఉంటుంది. రెండింటి మరమ్మతుల ఖర్చూ చూసేది నేనే.

నడవని ఇంజన్‌కు కొత్త ఆయిల్ పోయడం దండగనీ, జూన్‌లో వేటకు పోయే ముందు మారిస్తే చాలనీ చిన్నాయన అంటున్నారు. ఔట్‌బోర్డ్‌కు కారు ఆయిల్ పోసినా ఒకటేనని ఆయిల్ దుకాణం ఆయన చెబుతూ, పైగా ఒక చిన్న అడిటివ్ సీసా చూపించి, దీన్ని కలిపితే ఇంజన్ ఆయుష్షు పెరుగుతుందని నమ్మకంగా చెప్పారు. అసలు ఆయిల్‌లో ఇంజన్‌ను కాపాడే పదార్థాలు ఏమిటి, అవి ఎలా పనిచేస్తాయి, మా రెండు ఇంజన్లకూ ఏది సరైనది అన్నది తెలిసినవారు వివరిస్తే మా కుటుంబానికి మేలు చేసినవారవుతారు.

సమాధానం (కందెనల బ్లెండింగ్ ప్లాంటులో పనిచేసి విరమించినవారు, తండయార్‌పేట)

మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆయిల్ ఎప్పుడు మార్చాలన్నదే కాబట్టి దానికి ముందు జవాబు చెబుతాను. మరబోటు ఆయిల్‌ను నిషేధం మొదలయ్యే ముందే మార్చండి. మీ చిన్నాయన గారి మాట ఖర్చు లెక్కలో సబబుగానే కనిపిస్తుంది గానీ, ఆయిల్ లోపల జరిగే పని తెలిస్తే ఆయనే మనసు మార్చుకుంటారు.

డబ్బాలో ఉండేదంతా ఒకే నూనె కాదు. మన మణలి రిఫైనరీ వంటి చోట ముడి చమురు నుంచి తీసే మూల నూనె అందులో ఎక్కువ భాగం. మిగిలిన సుమారు 10 నుంచి 25 శాతం వరకు వేర్వేరు పనుల కోసం కలిపిన అడిటివ్‌లు. షాఫ్టు వేగంగా తిరుగుతున్నప్పుడు బేరింగుకూ షాఫ్టుకూ మధ్య నూనె పొర దానంతటదే ఏర్పడుతుంది. ఆ పనికి మూల నూనె, దాని చిక్కదనం సరిపోతాయి. స్టార్టు చేసిన తొలి క్షణాల్లోనూ, వాల్వులను తెరిచే క్యామ్ అంచు ఒత్తిడి పడే చోటా, పిస్టన్ పైకి చేరి వెనక్కి తిరిగే చోటా ఆ పొర తెగిపోతుంది. అక్కడ లోహాన్ని కాపాడేది జింకు, ఫాస్ఫరస్, గంధకం కలిసిన జెడ్‌డీడీపీ అనే పదార్థం. రాపిడి వల్ల పుట్టే వేడికి, ఒత్తిడికి ఇది విడిపోయి ఇనుము మీద గాజువంటి ఫాస్ఫేట్ పొరను అల్లుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదివేలవ వంతుకు అటూ ఇటూగా మాత్రమే ఉన్నా, అరిగేది అదే గాని కింద ఉన్న ఉక్కు కాదు. అరిగిన చోట మళ్లీ పొర కట్టడానికి ఆయిల్‌లో మిగిలి ఉన్న జెడ్‌డీడీపీ ఖర్చవుతూ ఉంటుంది.

ఆగి ఉన్న ఇంజన్‌కు మాత్రం అరుగుదల కంటే ఆమ్లం, తేమ ఎక్కువ హాని చేస్తాయి. ఇంధనం మండినప్పుడు పుట్టే వాయువుల్లో కొంత భాగం పిస్టన్ రింగుల పక్కగా జారి కింది క్రాంక్‌కేసులోకి దిగుతుంది. అందులో నీటి ఆవిరి ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి, డీజిల్‌లో గంధకం ఉంటే దాని ఆక్సైడ్లు కూడా ఉంటాయి. ఇవన్నీ కలిసి ఆమ్లాలవుతాయి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది వంతులు) గంధకం ఉన్న డీజిలే అమ్ముతున్నందువల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం బెడద బాగా తగ్గింది, కానీ తక్కిన ఆమ్లాలు, నూనె గాలితో కలిసి పాడైనప్పుడు పుట్టే ఆమ్లాలు అలాగే ఉన్నాయి. వాటిని విరిచేందుకే డిటర్జెంట్ అనే అడిటివ్ ఉంటుంది. అందులో అతి సూక్ష్మమైన కాల్షియం కార్బనేట్ రేణువులు నూనెలో తేలియాడేలా అమర్చి ఉంటాయి. పులుపెక్కిన పొలానికి రైతు సున్నం చల్లినట్టు అవి ఆమ్లాన్ని విరిచి, ఆ పనిలో తామే అయిపోతాయి. ఇంకా ఎంత మిగిలిందో చెప్పే కొలతను టీబీఎన్ అంటారు. కొత్త డీజిల్ ఆయిల్‌లో అది సుమారు 10 ఉంటే, సగానికి పడిపోయాక ఆ ఆయిల్‌ను మార్చాలని మా రంగంలో చాలామంది పాటించే లెక్క.

ఇప్పుడు మీ మరబోటు సంగతి చూడండి. వేట సీజన్ అంతా పనిచేసిన ఆయిల్‌లో ఆమ్లాన్ని విరిచే ఆ క్షారం చాలావరకు తరిగిపోయి, ఆమ్లం, తేమ, మసి పేరుకుని ఉంటాయి. తుప్పు నిరోధక అడిటివ్‌లు లోహానికి అంటుకుని నీటిని దగ్గరకు రానివ్వని పలుచని పొరగా ఉంటాయి. అవీ అప్పటికి బలహీనపడి ఉంటాయి. అటువంటి ఆయిల్‌ను రెండు నెలలు బేరింగుల మీద, క్యామ్ మీద, సిలిండర్ గోడల మీద అలాగే వదిలేస్తే, చెన్నై తీరపు ఉప్పుగాలిలో, మే నెల ఉక్కలో అది నెమ్మదిగా లోహాన్ని తింటుంది. జూన్‌లో కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన అప్పటికే పడిన గుంటలు పూడవు. అందుకే చివరి వేట నుంచి వచ్చాక ఇంజన్ వేడిగా ఉండగానే పాత ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోసి, కొద్ది నిమిషాలు నడిపి, కొత్త ఆయిల్ అన్ని భాగాలకూ చేరాక ఆపండి. జూన్‌లో మళ్లీ మార్చనక్కరలేదు. డిప్‌స్టిక్ తీసి చూసి, ఆయిల్ తెల్లబారకుండా ఉంటే నిశ్చింతగా వేటకు పోవచ్చు.

సమాధానం (ఔట్‌బోర్డ్ మోటార్ల మెకానిక్, రాయపురం)

పెద్దాయన చెప్పినదానికి ఔట్‌బోర్డ్ విషయం జోడిస్తాను. కారు ఆయిల్ ఒకటేనన్న మాట సగమే నిజం. చాలా ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్‌ల మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 చిక్కదనంతో ఫలానా ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గ్రేడు పోయవచ్చని రాసి ఉంటుంది కాబట్టి, ఆ ప్రకారం కారు ఆయిల్ పోస్తే మోటారు వెంటనే పాడైపోదు. అయితే కారుకూ పడవకూ పని తీరు వేరు. కారులో ఇంజన్ నీళ్లు దాదాపు 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటాయి, పూర్తి వేగంతో నడిచే సమయం తక్కువ. ఔట్‌బోర్డ్‌ను సముద్రపు నీరే నేరుగా చల్లబరుస్తుంది, ఎక్కువ వేడెక్కితే లోపల ఉప్పు పేరుకుంటుంది కాబట్టి దాన్ని అంతకంటే చాలా చల్లగా నడిచేలా తయారు చేస్తారు. వల వేసి నెమ్మదిగా పోతున్నంతసేపూ అది సరిగా వేడెక్కదు. మండని పెట్రోల్ కొంత, తేమ కొంత ఆయిల్‌లో కలిసి, వాటిని ఆవిరి చేసే వేడి లేక అక్కడే నిలిచిపోతాయి. ఒడ్డుకు వచ్చేటప్పుడు మాత్రం అదే మోటారును నిమిషానికి 5,000 చుట్ల పైన చాలాసేపు ఆపకుండా నడుపుతాం. మల్టీగ్రేడ్ ఆయిల్‌లో వేడికి చిక్కదనం పడిపోకుండా చూసే పాలిమర్ అడిటివ్‌లు ఉంటాయి. నాసిరకం ఆయిల్‌లో అవి ఈ వేగానికి తెగిపోయి, ఆయిల్ పలచబడుతుంది.

ఈ కష్టాలను దృష్టిలో పెట్టుకునే అమెరికా బోటు తయారీదారుల సంఘం ఎన్ఎంఎంఏ, ఫోర్‌స్ట్రోక్ బోటు మోటార్ల ఆయిల్‌కు ఎఫ్‌సీ-డబ్ల్యూ అనే ప్రమాణం పెట్టింది. ఆ గుర్తు రావాలంటే మామూలు ఏపీఐ పరీక్షలతో పాటు తుప్పు, నురుగు, ఫిల్టర్ మూసుకుపోవడం, చిక్కదనం నిలవడం అనే అదనపు పరీక్షలు నెగ్గాలి. కారు ఆయిల్‌కు ఆ తుప్పు పరీక్ష లేదు. డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ అన్న అక్షరాలు, మీ మాన్యువల్ చెప్పిన చిక్కదనం రెండూ ఉంటే బ్రాండు ఏదైనా నాకు అభ్యంతరం లేదు. ప్రతి 100 గంటలకు, లేదా ఏడాదికి, ఏది ముందు వస్తే అప్పుడు మార్చమని సాధారణంగా మాన్యువల్‌లో ఉంటుంది. రోజూ సముద్రంలోకి పోయే పడవకు ఆ గంటలు చాలా త్వరగా నిండుతాయి.

టూస్ట్రోక్ మోటారు ఉన్నవారు కూడా ఇది చదువుతుంటే, వారికి ఒక హెచ్చరిక. బైకులకు అమ్మే 2టీ ఆయిల్‌ను ఔట్‌బోర్డ్‌లో కలపవద్దు. గాలితో చల్లబడే బైకు ఇంజన్ల ఆయిల్‌లో లోహపు డిటర్జెంట్లు ఉంటాయి, అవి మండితే బూడిద మిగులుతుంది. ఆ బూడిద బోటు మోటారులో స్పార్క్ ప్లగ్ మీద, పిస్టన్ తల మీద పేరుకుని, నిప్పురవ్వ రాకముందే ఇంధనం అంటుకునేలా చేసి, చివరికి పిస్టన్‌కు కన్నం కూడా పెట్టగలదు. టూస్ట్రోక్ బోటు మోటార్ల ఆయిల్‌కు ఇచ్చే టీసీ-డబ్ల్యూ3 గుర్తు ఉన్న ఆయిల్‌లో బూడిద మిగల్చని, నైట్రోజన్ ఆధారిత అడిటివ్‌లు మాత్రమే వాడతారు.

సమాధానం (మరబోటు యజమాని, కాశిమేడు)

మేము డీజిల్ ఇంజన్‌కూ, ఔట్‌బోర్డ్‌కూ ఒకే 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ ఏళ్లుగా పోస్తున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు. డీజిల్ ఆయిల్‌లో జింకు, క్షారం రెండూ ఎక్కువే ఉంటాయి కదా, అలాంటప్పుడు వేరే డబ్బా కొనమనడం అనవసరపు ఖర్చు అని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. మరబోటులో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడిపోతుంది, అది కల్తీ సరుకని అనుమానించవచ్చా? రెండోది, ఆ అడిటివ్ సీసా గురించి ఎవరూ చెప్పలేదు.

సమాధానం (తండయార్‌పేట)

ముందు యజమాని గారి మాటకు జవాబు. జింకు, క్షారం గురించి మీరు చెప్పింది నిజం. అసలు కారు ఆయిల్‌లోనే ఇప్పుడు ఫాస్ఫరస్ తగ్గించారు. ఎగ్జాస్టులో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను అది పాడుచేస్తుంది కాబట్టి, 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం గ్రేడు నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పలుచని ఆయిల్స్‌లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదని నియమం పెట్టారు. ఆ లెక్కన అరుగుదల విషయంలో మంచి డీజిల్ ఆయిల్ గట్టిదే. అయినా ఒకే ఆయిల్ పద్ధతిని నేను సమర్థించను. జింకు పొర అరుగుదలను ఆపుతుంది గానీ ఉప్పునీటి తుప్పును ఆపే పని వేరే అడిటివ్‌ది, దాన్ని పరీక్షించి ఇచ్చే గుర్తు ఎఫ్‌సీ-డబ్ల్యూ ఒక్కటే. రోజంతా తడిలో ఉండే చిన్న పెట్రోల్ మోటారుకు నేను అదే ఎంచుకుంటాను. డీజిల్ మరబోటుకు మీ 15డబ్ల్యూ-40, ఏపీఐ వారి డీజిల్ గ్రేడుల్లో సీఐ-4 లేదా ఆపై గ్రేడుది అయితే, సరైనదే.

నల్లబడటం గురించి బాబుకు చెప్పేదేమిటంటే, డీజిల్ ఆయిల్ నల్లబడిందంటే డిస్పర్సెంట్ అనే అడిటివ్ తన పని చేస్తోందనే అర్థం. మసి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కట్టకుండా ఇది ఒక్కొక్కదాన్నీ విడివిడిగా చుట్టి నూనెలోనే తేలేలా ఉంచుతుంది. మసి అంతా ఆయిల్‌తో పాటు బయటికి పోతుంది. డిస్పర్సెంట్ అయిపోయాకే మడ్డి కట్టడం మొదలవుతుంది. కాబట్టి రంగును బట్టి కల్తీ అని తీర్పు చెప్పకండి. కాఫీలో పాలు పోసిన రంగు కనిపిస్తే మాత్రం అది నీళ్లు కలిసిన గుర్తు, వెంటనే కారణం వెతకాలి. హెడ్ గాస్కెట్ గానీ, ఆయిల్ కూలర్ గానీ కారుతూ ఉంటే ఏ అడిటివ్ కూడా దాన్ని సరిచేయలేదు.

సీసా కొనవద్దు. ఆయిల్‌లోని జెడ్‌డీడీపీ, డిటర్జెంట్, తుప్పు నిరోధకం అన్నీ లోహపు ఉపరితలం మీద చోటు కోసం పోటీపడతాయి. ఏది ఎంత ఉండాలో తయారీదారు ఇంజన్ పరీక్షల్లో తేల్చి కలుపుతాడు. ఒకటి ఎక్కువైతే ఇంకొకదాన్ని పక్కకు నెట్టేస్తుంది. నురుగు అణిచే సిలికోన్‌ను పది లక్షల వంతుల్లో కొన్ని వంతులే కలుపుతారు. అది మితిమీరితే గాలి బుడగలు నూనెలోంచి బయటికి పోకుండా చిక్కుకుపోతాయి. ఇలాంటి సీసాల్లో కొన్నిటిలో క్లోరిన్ కలిసిన పారాఫిన్లు ఉంటాయి, అవి వేడికి, తేమకు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఉప్పునీటి నుంచి కాపాడుకోవలసిన మోటారులో మనమే క్లోరిన్ పోయడం ఏ విధంగానూ తగదు.

సమాధానం (రాయపురం)

చివరగా ఆయిల్ చేరని చోట్ల గురించి చెప్పాలి. ఔట్‌బోర్డ్‌లో ఉప్పునీరు తిరిగే దారులకు ఇంజన్ ఆయిల్ వెళ్లదు కాబట్టి, ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా అక్కడి ఉప్పును ఏమీ చేయదు. మన దగ్గర మంచినీళ్లకు కొరత ఉందని తెలుసు, అయినా వేట నుంచి వచ్చాక నీళ్లు పీల్చే రంధ్రాలకు గొట్టం తగిలించి కొద్ది నిమిషాలు మంచినీళ్లతో కడగడం మానవద్దు. కింద ప్రొపెల్లర్ దగ్గరి గేరుకు వేరే ఆయిల్ ఉంటుంది, అందులో ఇంజన్ ఆయిల్ పోయకూడదు. పళ్ల మీద పడే తీవ్రమైన ఒత్తిడికి గంధకం, ఫాస్ఫరస్ ఉన్న అడిటివ్‌లతో అది తయారవుతుంది. తెగిన వల దారాలు ప్రొపెల్లర్ షాఫ్టుకు చుట్టుకుని సీలును కోస్తాయి, దాంతో నీళ్లు లోపలికి పోతాయి. అందుకని ఇంజన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ గేరు కింది స్క్రూ వదులు చేసి నాలుగు చుక్కలు దించి చూడండి. తెల్లగా ఉంటే ఆయిల్ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు, సీలు కూడా మార్పించండి. దించిన పాత ఆయిల్‌ను రేవులో పారబోయకుండా డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికి ఇవ్వండి.