ఫోన్లో ‘శామ్’గా ఉండటం ఆపేయొచ్చా?

మూడేళ్లుగా కాల్ సెంటర్ నైట్ షిఫ్టులో అమెరికా కస్టమర్లకు నేను ‘శామ్’ని. అసలు పేరు సుబ్రహ్మణ్యం. ట్రైనింగ్ మొదటిరోజే పేర్ల లిస్టు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. నిన్న ఒక పెద్దావిడ, నలభై నిమిషాలు కూర్చుని రౌటర్ సరిచేయించుకున్నాక, "నిజంగా నీ పేరు శామేనా?" అని మెల్లగా అడిగింది. అవునండీ అనేశా. అప్పట్నుంచీ మనసు అదోలా ఉంది. సొంత పేరు వాడేవాళ్లు ఉన్నారా?

జవాబు 1: నేను వాడి చూశా. లక్ష్మీప్రసన్న. ‘ఎల్ ఫర్ లిమా’ అంటూ స్పెల్లింగ్ చెప్పేసరికే హ్యాండిల్ టైమ్ (ఒక్కో కాల్‌కి ఇచ్చే టైమ్) కరిగిపోయేది. ఇప్పుడు ‘లక్కీ’ అంటున్నా. ఇంట్లో పిలిచేదే కాబట్టి అబద్ధమూ కాదు.

జవాబు 2: పేరు మారిస్తే తిట్లు తగ్గుతాయనుకోకండి, యాస పట్టేస్తారు. నన్ను డేవిడ్ అని నమ్మినవాడు ఒక్కడూ లేడు. (మా టీమ్‌లో డేవిడ్‌లు ముగ్గురం, అదో గోల.) అయినా 2025లో అమెరికా సెనేట్‌లో పెట్టిన కాల్ సెంటర్ల బిల్లులో, ఏజెంట్ ఎక్కడినుంచి మాట్లాడుతున్నాడో చెప్పాలని ఉంది. అది పాసైతే ఇక శామ్ ఎందుకు, డేవిడ్ ఎందుకు?

అడిగినవారు: లక్కీ గారూ, ఐడియా బాగుంది. ‘సుబ్బు’ కుదురుతుందేమో ఇవాళే టీమ్ లీడర్‌ని అడుగుతా.