వృద్ధాశ్రమంలో రోజుకు 3 డైపర్లు: సరిపోతాయా?

మూసీ_గట్టు: మంచాన పడ్డవాళ్ళను చేర్చుకునే హోమ్‌లు కొన్ని నెల ఫీజులో రోజుకు 3 డైపర్లే లెక్క వేస్తాయి. మించితే విడిగా బిల్లు. 3 చాలవంటాను. తడిసినవి 4 గంటలకోసారైనా, మలం అయితే అప్పటికప్పుడు మార్చాలి. కనీసం 6 పడతాయి. 3 అని రాశారంటే 8 గంటలు ఒకే డైపర్‌లో ఉంచుతామని ఒప్పుకున్నట్టే కదా?

లెక్కల_మాస్టారు: కాదండీ. లోపల జెల్ ఉన్న రాత్రి డైపర్ మంచిదైతే తడి చర్మానికి తగలనివ్వదు. ప్రతి 4 గంటలకూ నిద్ర లేపి విప్పడం కూడా హింసే. మలం లేని రోజు 3 చాలు.

నైట్‌డ్యూటీ_అక్క: అంకె కంటే ముందు సైజు చూడండి. నడుము, పిరుదులు రెండూ కొలిచి పెద్ద కొలతను బట్టి తీసుకోవాలి. అందరికీ ఒకటే ఎల్ సైజు తెచ్చేస్తారు, తొడల దగ్గర సందు మిగిలి కారుతుంది. మగవాళ్ళకు అంగాన్ని కిందికి తిప్పి కట్టకపోతే పొట్ట మీదుగా తడుస్తుంది. కారుతోందని ఒకదాని మీద ఇంకోటి తొడుగుతారు చూడండి, అది మరీ దండగ. లోపలిదానికి ప్లాస్టిక్ పొర ఉంటుంది, తడి బయటిదానికి చేరనే చేరదు, ఒంటికి ఉక్క మాత్రం పెరుగుతుంది.

కొత్తపేట_కుర్రాడు: పౌడర్ బాగా చల్లితే సరిపోదా?

నైట్‌డ్యూటీ_అక్క: తడికి ఉండకట్టి గజ్జల్లో ఒరుసుకుంటుంది బాబూ. గోరువెచ్చని నీళ్ళతో, ఆడవాళ్ళకైతే ముందు నుంచి వెనక్కి తుడవాలి, లేకపోతే యూరిన్ ఇన్ఫెక్షన్ రావచ్చు. రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టి జింక్ ఆక్సైడ్ క్రీమ్ పల్చగా రాయాలి. దట్టంగా పూస్తే డైపర్ పీల్చుకోదు.

మూసీ_గట్టు: ఇవన్నీ సరే. 3 చాలతాయా, చాలవా?

లెక్కల_మాస్టారు: మీరు ఆ అంకెను పట్టుకుని వేలాడుతున్నారు. పుండ్లు పడేది డైపర్ ఒక్కదాని వల్లే కాదు. ఎయిర్ బెడ్ వేశాం కదా అని పక్క తిప్పడం మానేస్తారు. దాని మీద రబ్బరు షీటు, మందపాటి దుప్పటి, రెండు అండర్‌ప్యాడ్లు! ఇక ఆ గాలి పరుపు ఎందుకు? తోక ఎముక కింద, పరుపు అడుగున చెయ్యి పెట్టి చూడాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలనట్టు.

నైట్‌డ్యూటీ_అక్క: అది నిజం. ఎర్రబడ్డచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. అక్కడ స్పిరిట్ పెట్టి మాలిష్ చేసే ఆయాలున్నారు. లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది.

మూసీ_గట్టు: అంత తెలిసిన మీరు రాత్రిపూట ఎందుకు మార్చరు? డబ్బు తీసుకుంటున్నారుగా!

లెక్కల_మాస్టారు: ఆదివారం అరగంట వచ్చి దుప్పటి ఎత్తి చూసి కేకలేసేవాళ్ళకు ఆ డబ్బు లెక్క చెప్తా. రాత్రి 20 మందికి ఇద్దరు ఆయాలు. ఈడ్చకుండా, చర్మం గీసుకోకుండా తిప్పాలంటే ఇద్దరూ కలిసి ఒంటి కింద అడ్డంగా పరిచిన దుప్పటి పట్టుకుని ఎత్తాలి. మనిషికి 5 నిమిషాలు వేసుకోండి, 20 మందికి 100 నిమిషాలు. 2 గంటలకోసారి తిప్పాలంటే మిగిలేది 20 నిమిషాలు. అందులో డైపర్లెప్పుడు మార్చాలి, నీళ్ళెప్పుడు ఇవ్వాలి? మూడో ఆయాను పెడితే ఫీజు పెరుగుతుంది, అప్పుడూ మీరే అరుస్తారు.

ఒంగోలు_గిత్త: తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్‌లో జిల్లాకో ఆశ్రమం, కనీసం 150 మంది పేద వృద్ధులకు, అని ఉంది. ప్రమాణాలు రాష్ట్రాలకు వదిలేశారు. రాత్రి ఎంతమంది ఆయాలుండాలో ఆ సెక్షన్‌లో లేదు. ఫిర్యాదుకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

నైట్‌డ్యూటీ_అక్క: మాస్టారూ, మీ లెక్కలోనే తప్పుంది. ఆ 20 మందిలో ఆసరా ఇస్తే లేచి నిలబడగలిగేవాళ్ళెంతమంది? చేరిన మొదటి రాత్రే వాళ్ళకూ డైపర్ కట్టేస్తారు. "బాత్రూమ్‌కి వెళ్ళాలమ్మా" అంటే "డైపర్ ఉందిగా, అందులో పోసేయండి" అంటారు. నెల తిరక్కుండా అడగడం మానేస్తారు, కాళ్ళలో బలమూ పోతుంది. 6 కావాలని కొట్లాడుతున్నారు గానీ, అసలు అక్కర్లేనివాళ్ళకు ఎందుకు కట్టారని ఒక్కరూ అడగరు.

మూసీ_గట్టు: అర్ధరాత్రి లేచి పడి తుంటి విరిగితే? అప్పుడు మీరొస్తారా? అందుకే మేమే కట్టమంటాం.

లెక్కల_మాస్టారు: అదీ సంగతి. సంతకం పెట్టేది మీరే.

నైట్‌డ్యూటీ_అక్క: పెట్టేది కొడుకు. తెలివి ఉన్న మనిషిని అడిగారా? మంచం పక్కనే, కాళ్ళలో బలమున్న వైపు, కమోడ్ కుర్చీ వేయండి. చక్రాలుంటే బ్రేకు వేసి ఉంచాలి. మంచం ఎత్తు, అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనేంత. పడుకోబోయేముందు ఒకసారి, రాత్రి 2కి ఒకసారి, తెల్లవారి 5కి ఒకసారి పిలవండి. 3 రోజులు వేళలు రాసిపెడితే ఎవరికెప్పుడు వస్తుందో తేలిపోతుంది. డైపర్లు వాటంతటవే తగ్గుతాయి.

లెక్కల_మాస్టారు: ఒక్కొక్కరికి 10 నిమిషాలు. ఎవరు చేస్తారు?

నైట్‌డ్యూటీ_అక్క: మూడో ఆయా.

కొత్తపేట_కుర్రాడు: కమోడ్ కుర్చీ కాళ్ళు టైల్స్ మీద జారుతున్నాయి, ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ_అక్క: కింద రబ్బరు బుష్‌లు అరిగిపోయి ఉంటాయి, మార్పించండి. చాప వేయకండి, అదే కాలికి తట్టుకుంటుంది.

మూసీ_గట్టు: మంచాన పడ్డవాళ్ళకు మాత్రం 6. నేను తగ్గేది లేదు.