కొత్తవాడ జంపఖానాల సైటుకు గూగుల్ బయట ప్రచారం ఎట్ల?

గుంటమగ్గం: జంపఖానాలు అమ్మే సైటు తయారైంది. గూగుల్‌ల "వరంగల్ దరీలు" అని కొడితే పెద్ద షాపింగ్ సైట్లే ముందొస్తయి. అది పక్కన పెడదాం. బయట ఎక్కడ, ఎట్ల చెప్తే జనం వస్తరు?

ప్రెస్సుపని: ముందుగాల పేరు చూడుండ్రి. జంపఖానాను ఇంగ్లీషు అక్షరాలల్ల ఒక్కొక్కలు ఒక్కో తీరు రాస్తరు. 'ఎం' బదులు 'ఎన్' పెట్టేటోళ్లున్నరు, 'హెచ్' వదిలేసేటోళ్లున్నరు. ఆటో వెనక మన ప్రకటన చదివినోడు తప్పు కొడితే ఖర్చంతా బూడిదల పోసిన పన్నీరే. రెండు మూడు స్పెల్లింగుల డొమైన్లు (సైటు పేర్లు) కొని, అన్నిటినీ అసలు సైటుకు 301 రీడైరెక్ట్ చెయ్యాలె, అంటే ఏది కొట్టినా శాశ్వతంగ అసలు సైటుకే మళ్లాలె. పేరుల హైఫన్ వద్దు, ఫోన్ల చెప్పరాదు.

క్యూఆర్ కోడ్ సైజు స్కాన్ చేసే దూరంల పదో వంతుండాలె. చేతిల బిల్లుకు 3 సెంటీమీటర్లు చాలు, 3 మీటర్ల దూరం నుంచి చూసే గోడ పోస్టరుకు 30 కావాలె. కోడ్‌ల కనిపించే చిన్న చిన్న గళ్లున్నయి కద, చుట్టూ అసొంటి నాలుగు గళ్లంత తెల్లజాగ తప్పనిసరి. డిజైనర్లు అందం కోసం కోసేసేది దాన్నే! ఆటో మీద క్యూఆర్ దండుగ. అక్కడ మూడు మాటలు, పొట్టి అడ్రసు, ఫోన్ నంబరు.

కాజీపేట_నెట్: ఫ్రీగా "డైనమిక్" కోడ్ (ముందు వాళ్ల సైటుకు పోయి, అక్కడినుంచి మన సైటుకు మళ్లేది) ఇచ్చే సైట్లతోని పైలం. ట్రయల్ అయిపోంగనే కోడ్ పనిచెయ్యదు, అచ్చేసిన బిల్లుబుక్కులన్నీ చెత్తబుట్టకే. కోడ్‌ల సొంత సైటు అడ్రసే పెట్టుండ్రి. రేపు పేజీ మారినా రీడైరెక్ట్ మన చేతులనే ఉంటది.

గుంటమగ్గం: జంపఖానాకు కుట్టే లేబుల్ మీద కోడ్ పెట్టొచ్చునా?

ప్రెస్సుపని: అన్నిటికన్న మంచి జాగ అదే. ఇంటికొచ్చిన చుట్టం "ఎక్కడ కొన్నరు" అని అడిగేది అక్కడే. లేబుల్ ముడుతలు పడుతది, మరకలైతయి, అందుకే కోడ్ తయారుచేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ (కొంత చెడినా చదివించే ఏర్పాటు) అన్నిటికన్న ఎక్కువది, 'హెచ్' పెట్టాలె. సుమారు 30 శాతం చెడినా చదువుతది. కాని హెచ్ పెడితే గళ్లు ఎక్కువై సన్నబడుతయి, అడ్రసు పొట్టిగ లేకుంటే పాత ఫోన్లు పట్టవు.

ఇంకోటి. వరంగల్ దరీలకు 2018ల జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది నిజమే, కాని అధీకృత వినియోగదారుగ నమోదు కాకుండ లేబుల్ మీద ఆ గుర్తు వెయ్యొద్దు.

కాజీపేట_నెట్: వాట్సాప్‌ల బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే. అందులనూ మన నంబరు సేవ్ చేసుకున్నోళ్లకే పోతది. అందుకే బిల్లు రాసేటప్పుడే నంబరు సేవ్ చేయించుండ్రి. లింకు పంపితే బొమ్మ రావాలంటే పేజీల ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు (లింకుతోని ఏ బొమ్మ, ఏ పేరు చూపాలో చెప్పే వరుసలు) ఉండాలె. బొమ్మ 1200 బై 630 పిక్సెళ్లు, బరువు 600 కేబీ లోపల. బొమ్మ మార్చినా పాతదే కనిపిస్తే లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి "వి=2" అని ఇంగ్లీషుల చేర్చి పంపుండ్రి.

ఇన్‌స్టా క్యాప్షన్ల లింకు నొక్కితే తెరుచుకోదు, బయోల పెట్టాలె. యూట్యూబ్ షార్ట్స్ కింద లింకులూ 2023 ఆగస్టు నుంచి నొక్కరావు.

ములుగురోడ్డు: మేడారం జాతరల కరపత్రాలు పంచితే?

ప్రెస్సుపని: అంత జనంల నెట్ నత్తనడక. కరపత్రం గద్దెల కాడికి పోకముందే కాళ్ల కిందికి పోతది. పంచుడే అయితే వెనక క్యాలెండర్ అచ్చేసిన చిన్న కార్డు పంచుండ్రి, జేబులనన్న ఉంటది.

గుంటమగ్గం: ఎవరు ఎటునుంచి వచ్చిండ్రో ఎట్ల తెలుస్తది?

కాజీపేట_నెట్: వాట్సాప్ నుంచి వచ్చినోళ్లు అనలిటిక్స్‌ల (సైటుకు వచ్చినోళ్ల లెక్క చూపే పనిముట్టు) చానమట్టుకు "డైరెక్ట్" కిందనే, అంటే ఎటునుంచి వచ్చిండ్రో తెల్వనోళ్ల లెక్కలనే పడుతరు. అందుకే అక్కడ పెట్టే లింకుకు యూటీఎం ట్యాగ్ (ఎటునుంచి వచ్చిండ్రో చెప్పే తోక) తగిలియ్యాలె. అచ్చు వాటికి బిల్లుకొకటి, లేబుల్‌కొకటి, కార్డుకొకటి వేరే వేరే పొట్టి అడ్రసులు పెట్టుండ్రి. అచ్చుకిచ్చే ముందు ప్రూఫ్ కాగితం మీద, పాత చవక ఫోనుతోని ఒక్కొక్క కోడ్ స్కాన్ చేసి చూడుండ్రి.