మిగ్-21 రిటైరైపోయింది, ఇప్పుడైనా మన బైసన్ మోడల్ కిట్ ఎవరైనా తెస్తారంటారా?

జిగురుసీసా (విజయవాడ):

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుకుని వెళ్లిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు కదా, 1963లో ఏ ఊళ్లో మొదలుపెట్టారో ఆ ఊళ్లోనే ఆపేశారు, ఆ రోజు మా నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి 1996లో బయటికొచ్చారు, సర్వీసులో ఎక్కువ భాగం మిగ్‌ల కిందే గడిచింది.

వచ్చే ఏడాది ఆయనకి డెబ్బై నిండుతాయి. 1/48లో, అంటే అసలు విమానంలో 48వ వంతు సైజులో, ఒక బైసన్ (మిగ్-21 బిస్‌ని అప్‌గ్రేడ్ చేసిన రకం) ప్లాస్టిక్ కిట్‌తో చేసి గ్లాస్ పెట్టెలో పెట్టిద్దామని నా ఆలోచన. ఎడువార్డ్ కంపెనీ వాళ్ల మిగ్-21 బిస్ కిట్ ఉందని తెలుసు, కానీ అది బైసన్ కాదు కదా, ముందు అద్దం దగ్గర్నుంచి తేడాలే. ఇంత పెద్ద వీడ్కోలు జరిగింది కాబట్టి ఎవరో ఒకరు ఇండియా స్పెషల్ డబ్బా తీస్తారని నా మనసు చెప్తోంది. జనవరి చివర్లో న్యూరెంబర్గ్ బొమ్మల షో ఉంది, అక్కడేమైనా బయటపడుతుందా? లేక ఉన్న బిస్ కొనేసి కోతలు కోసి బైసన్ చేసుకోమంటారా? ఒక్కసారి కొంటే వెనక్కి పంపే పని లేదు, కస్టమ్స్ డ్యూటీతో కలిపి ఎంతవుతుందో మీ అందరికీ తెలిసిందే. అందుకే అడుగుతున్నా.

స్ప్రూకింగ్ (ఉప్పల్):

అన్నా ముందుగాల నాయన గారికి నమస్తే చెప్పు. ఇగ విషయానికొస్తే, వీడ్కోలు అయింది కాబట్టి కిట్ వస్తదనుకునుడు తప్పు. కంపెనీ వాడు మన లెక్క వార్తలు చూసి ఏడ్వడు, వాని దగ్గర ఏ మౌల్డ్ ఉంది, దాంట్లకెళ్లి ఇంకో డబ్బా ఎట్ల తియ్యాలె అని చూస్తడు. స్టీల్ మౌల్డ్ కొయ్యాల్నంటే మస్తు పైసలు, ఒక్కసారి కోసినంక అదే మౌల్డ్ మీద పదేండ్లు పదిహేనేండ్లు తింటడు. అందుకే నేను పుకార్లు సదువుడు బంద్ చేసిన, స్ప్రూలు, గదే పార్టులు అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాలు, సదువుతున్న.

స్ప్రూలు సదువుడంటే ఏంది? డబ్బా తెరిచినంక ఇన్‌స్ట్రక్షన్‌ షీట్ల "వాడొద్దు" అని నీలం రంగు ఏసి చూపిస్తడు చూడు, ఆ పార్టులే జాతకం. ఈ డబ్బాల అక్కరలేని తోక, అక్కరలేని మిసైల్ రైలు ఎందుకు పెట్టిండు? రేపు ఇంకో డబ్బాల అక్కరొస్తది గనక. సగం "లీకులు" ఇట్లనే బయటపడతయ్, ఎవడూ లీక్ చెయ్యలే, మనమే చూసుకోలే.

ఎడువార్డ్‌కు 1/48ల మిగ్-21 రకాలు ఎంఎఫ్, బిస్, పీఎఫ్, పీఎఫ్ఎం అన్నీ ఉన్నయ్, ఒక్క కుటుంబం. నన్ను అడిగితే బైసన్ కన్న ముందు ఎఫ్ఎల్ వస్తదంట. మన టైప్ 77 అన్నట్టు, 1971ల కొట్లాడింది గదే. ముక్కు, ముందుకు లేసే కానపీ పీఎఫ్‌ది, వెడల్పు తోక పీఎఫ్ఎం లెక్కుంటది. రెండింటి స్ప్రూలు కలిపి, కడుపు కిందికి జీపీ-9 గన్ పాడ్ ఒకటి రెజిన్‌ల పోసి ఇస్తే డబ్బా తయార్. బైసన్‌కైతే కొత్త క్లియర్ పార్టు కావాలె, కొత్త యాంటెన్నాలు, ఆర్-77 మిసైళ్లు, ఖర్చు జాస్తి. అది వాడింది మనమొక్కలమే, ఇంకెవనికీ అమ్మలేడు. ఎఫ్ఎల్ కూడా మనదే గదా అంటవేమో, కానీ దానికి వానికి పెట్టుబడి తక్కువ పడతది, అదీ సంగతి.

తేజస్ వీరాభిమాని:

మీరంతా పాత సామానే పట్టుకుని కూర్చున్నారు బ్రో. జపాన్‌లో జరిగే నెక్స్ట్ షిజువోకా మోడల్ షోలో తమియా కంపెనీ నుంచి 1/48 తేజస్ పక్కా. సెప్టెంబర్ 25న ఇంకో 97కి కాంట్రాక్ట్ అయింది, ముందు 83 ఉన్నాయి, అంటే మొత్తం 180. ఇన్ని విమానాలు ఎగురుతుంటే తమియా వాడు చూడకుండా ఉంటాడా? ఒక యూట్యూబ్ ఛానల్‌లో కూడా చెప్పారు, డిజైన్ వర్క్ స్టార్ట్ అయిందంట.

గాజువాక తాత:

బాబూ, యూట్యూబ్‌లో చెప్పినవన్నీ వచ్చుంటే ఈపాటికి నా ఇంట్లో నేను పడుకోడానికి చోటుండేది కాదు. తమియా సంగతి నలభై ఏళ్లుగా చూస్తన్నాను. వాడు కిట్ దాదాపు తయారయ్యాకగానీ నోరిప్పడు, చెప్పిన కొద్ది నెలలకే షాపులో ఉంటది. ఎయిర్‌ఫిక్స్ వాడిది దీనికి సరిగ్గా తిరగేసిన లెక్క, జనవరిలో ఏడాది జాబితా మొత్తం చదివేస్తాడు, అందులో కొన్ని డబ్బాగా చేతికొచ్చేసరికి మనవడు ఇంకో క్లాసుకి వెళ్లిపోతాడు. కాబట్టి "తమియా డిజైన్ మొదలెట్టాడంట" అని ఎవడైనా చెప్తే, వాడికి తెలియదనే అర్థం.

ఇక 180 విమానాలు అన్నావు. ఎన్ని తయారయ్యాయన్నది లెక్కే కాదు నాయనా. జర్మన్ల డార్నియర్ 335 యుద్ధం ముగిసేసరికి నలభై కూడా తయారవలేదు, దానికి తమియా 1/48లో కిట్ తీశాడు. కొనేవాళ్లు ఎంతమంది అన్నదే లెక్క. 2022 చివర్లో ఎఫ్-35ఏ తీశాడు, దానికి అమెరికాలో కొంటారు, జపాన్‌లో కొంటారు, ఇంగ్లండ్, ఇటలీ, ఆస్ట్రేలియా, ఎక్కడికెళ్లినా కొనేవాడున్నాడు, తర్వాత బీ, సీ కూడా దింపేశాడు. తేజస్ కొనేది ఎవరు? నువ్వు, నేను, ఇంకో వెయ్యి మంది. నాకూ కావాలనే ఉంది, కాదనను.

నా అసలు బాధ వేరే. రోజూ పొద్దున్న బీచ్ రోడ్డు మీద వాకింగ్‌కి వెళ్తే ఒక పక్క కుర్సురా సబ్‌మెరైన్, ఎదురుగా టీయూ-142 విమానం. కళ్లెదురుగా ఉన్న రెండింటిలో ఒక్కటీ మనసుకు నచ్చినట్టు చేసుకోలేకపోతన్నాను. ట్రంపెటర్ వాడు 1/72లో టీయూ-142 తీశాడు గానీ అది రష్యన్ నేవీ ఎంఆర్, సబ్‌మెరైన్లతో మాట్లాడే రకం, మనది సబ్‌మెరైన్లని వేటాడే రకం. కడుపు కింద, తోక దగ్గర అంతా మార్చుకోవాలి. పైగా రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి డెబ్బై సెంటీమీటర్లు, మా ఆవిడ ముందే చెప్పేసింది టీవీ ఉండాలో అది ఉండాలో తేల్చుకోమని. కుర్సురా అయితే 91 మీటర్ల పొడవు, 1/72లో ఎవడైనా తీస్తే మీటరుంపావు దాటిపోద్ది. రెవెల్ వాడు అమెరికా గాటో సబ్‌మెరైన్‌ని అదే సైజులో ఎప్పుడో తీశాడు, కొనేవాళ్లు కొన్నారు, మరి కుర్సురా రకం ఫాక్స్‌ట్రాట్ ఏం పాపం చేసింది? రష్యా, ఇండియా, లిబియా, క్యూబా, పోలండ్ అన్నీ వాడినవే. నా పందెం దాని మీద. నేనుండగా వస్తదో రాదో.

తేజస్ వీరాభిమాని:

తాతగారూ సారీ, ఛానల్ పేరు చెప్పను లెండి 😅 కానీ తమియా కాకపోతే వేరే చైనా కంపెనీ అయినా తీస్తుంది కదా? వాళ్లు ఎవరూ తియ్యనివే తీస్తారు.

స్ప్రూకింగ్ (ఉప్పల్):

గిది మాత్రం ఒప్పుకుంట. కిట్టీ హాక్ వాడు ఉన్నన్ని రోజులు అదే పని చేసిండు, జాగ్వార్ విమానం 1/48ల తీసింది వాడే. పార్టులు ఒకదానికొకటి కూసోవు, పుట్టీ పెట్టి గీకి గీకి చేతులు పోతయ్, అయినా తిట్టుకుంటనే కొన్నం. తర్వాత కంపెనీ మూతపడ్డది, వాని మౌల్డులు కొన్ని వేరేవాళ్ల చేతికి పోయి కొత్త డబ్బాలల్ల వస్తున్నయ్. గందుకే జాగ్వార్ మీద కన్నేసి ఉంచున్రి. ఫ్రాన్స్ 2005ల, బ్రిటన్ 2007ల ఆపేసినయ్, ఇయ్యాల జాగ్వార్ నడిపేది మనమొక్కలమే. అంటే ఎవడన్న కొత్త జాగ్వార్ తీస్తే బ్రిటిషోళ్లు, ఫ్రెంచోళ్లు పాత ప్రేమతో కొంటరు, మనకు ఒక డెకాల్ షీట్ (నీళ్లల్ల నానబెట్టి అంటించే గుర్తులు) ఫ్రీగ పడ్డట్టు. మన సముద్రం జాగ్వార్, అగావే రాడార్ ముక్కుది, ఆ ఒక్క ముక్కు రెజిన్‌ల ఎవడన్న పోస్తే సాలు. ఇండియా కిట్ ఎప్పుడూ గిట్లనే వస్తది, వేరేటోని పెండ్లిల మనకు భోజనం దొరికినట్టు.

డాలస్ బాబాయ్:

తెలుగువాళ్లు ఇంతమంది ఈ పిచ్చిలో ఉన్నారని తెలిసి ఆనందంగా ఉందండీ. స్ప్రూకింగ్ గారు చెప్పినదానికి ఒక మినహాయింపు చెప్తాను, చెక్ రిపబ్లిక్ వాళ్లు. స్పెషల్ హాబీ వాళ్లు 1/72లో ఫాలండ్ నాట్ యుద్ధ విమానం తీసినప్పుడు నేరుగా మన అజిత్ (నాట్‌ని మార్చి ఇండియాలో చేసినది) పేరు మీదే ఒక డబ్బా తీశారు. ఎయిర్‌ఫిక్స్ నాట్ ఉంది కానీ అది రెండు సీట్ల ట్రైనర్, ఎర్ర రంగు వేసి విన్యాసాలు చేసేది, 1971 యుద్ధంలో మన పరమవీర చక్ర సెఖోన్ గారు నడిపినది కాదు. చిన్న కంపెనీ, తక్కువ సంఖ్యలో వేస్తారు, అందుకే ఇలాంటి ధైర్యం చేస్తారు. ఎడువార్డ్ కూడా చెక్ వాళ్లే, వాళ్ల నెలవారీ మ్యాగజైన్ పీడీఎఫ్ ఉచితంగా ఇస్తారు, అందులో రాబోయేవి నెలల ముందే వేస్తారు. పుకార్ల బదులు అది చదువుకుంటే చాలు, న్యూరెంబర్గ్ దాకా ఆగక్కర్లేదు.

జిగురుసీసా గారూ, మీరు ఆగుతారా కొంటారా అన్నదానికి నా సలహా, కొనెయ్యండి. నేను ఆగి ఆగి చాలా పోగొట్టుకున్నాను. ఒక కిట్ ఇవాళ షాపులో ఉంది కదా అనుకుంటాం, ఆ విడత అయిపోయాక మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలీదు, వేలంలో మూడింతలు చెప్తారు. పైగా ఇండియాలో బొమ్మల మీద కస్టమ్స్ 2020లో 20 శాతం నుంచి 60 చేశారు, 2023లో 70 చేశారు, స్కేల్ మోడళ్లూ ఆ పద్దులోకే వస్తాయి. రేటు తగ్గుతుందని ఆగడం దండగ. నేనైతే ప్రతిసారి వచ్చేటప్పుడు డబ్బాలు పారేసి స్ప్రూలు బట్టల మధ్య చుట్టి తెస్తాను, పోయినసారి మా అక్క సూట్‌కేసు తెరిచి "ఇవేంట్రా, దువ్వెనలా?" అంది.

గాజువాక తాత:

దువ్వెనలు 😂 మా ఇంట్లో "ఆ ప్లాస్టిక్ కొమ్మలు" అంటారు.

బాబాయ్ చెప్పింది నిజం, కానీ ఒక మాట. కొని దాచుకుంటే డెకాల్స్ పాడైపోతాయి, ముఖ్యంగా మా వైజాగ్ గాలికి. పదేళ్లు దాచిన షీట్ ఒకటి నీళ్లలో వేస్తే ముక్కలు ముక్కలయ్యి తేలింది, ఎయిర్‌ఫోర్స్ గుర్తు చక్రాలన్నీ పోయాయి. జిప్ కవర్లో సిలికా జెల్ వేసి పెట్టుకోండి. వానాకాలంలో మ్యాట్ వార్నిష్ కొట్టకండి, తెల్లగా పొగమంచు పట్టినట్టు అయిపోద్ది, మిగ్ కాస్తా విభూది పూసుకున్నట్టుంటది.

జిగురుసీసా (విజయవాడ):

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి ఉండబట్టలేక నాన్న దగ్గర కూర్చుని ఈ రిప్లైలన్నీ చదివి వినిపించా, సర్‌ప్రైజ్ పోయిందనుకోండి. టైప్ 77 అన్న మాట వినగానే లేచి కూర్చున్నారు. బైసన్ చేద్దామనుకుంటున్నా నాన్నా అంటే కాసేపు నా వంక చూసి, "నేనున్నప్పుడు బైసన్ ఎక్కడుందిరా? ఆ అప్‌గ్రేడ్ అంతా నేను బయటికొచ్చాక. నేను పనిచేసింది టైప్ 75 మీద" అన్నారు. టైప్ 75 అంటే మామూలు బిస్. అంటే ఆరు నెలలుగా నేను ఎదురుచూస్తున్న కిట్ మా నాన్న ఎప్పుడూ చెయ్యి కూడా వెయ్యని విమానానిది, ఆయన విమానం మాత్రం ఎప్పటినుంచో షాపులో ఉంది 🤦

ఇప్పుడే ఆర్డర్ పెట్టేశా. డెకాల్స్ వేరేగా తెప్పిస్తున్నా.

స్ప్రూకింగ్ (ఉప్పల్):

మంచిగైంది పో. అయినా ఎఫ్ఎల్ మీద నా పందెం పందెమే, వస్తే అందరికీ పారడైజ్ బిర్యానీ నా తరఫున.

తేజస్ వీరాభిమాని:

తేజస్ వస్తే నా తరఫున.

స్ప్రూకింగ్ (ఉప్పల్):

నీ పైసలు సేఫ్ తమ్మీ.

జిగురుసీసా (విజయవాడ):

ఇంకో చిన్న డౌట్. నాన్న కిట్ ఫోటోలన్నీ చూసి "విమానం ఒక్కటే పెడతావా? నిచ్చెన ఏది, చక్రాలు కదలకుండా పెట్టే చాక్స్ ఏవి, గాలి లోపలికెళ్లే ఇన్‌టేక్ మూత ఏది, మూత లేకుండా ఏ విమానాన్నీ వదిలి రాలేదు నేను" అంటున్నారు. 1/48లో ఇవి విడిగా దొరుకుతాయా?

గాజువాక తాత:

దొరుకుతాయి గానీ కొనకు. నిచ్చెనకి మిగిలిన స్ప్రూ కొవ్వొత్తి మీద వేడి చేసి మెల్లగా లాగు, సన్నటి కడ్డీ వస్తది, కావలసినంత ముక్కలు కోసుకో. చాక్స్‌కి అగ్గిపుల్ల చాలు, ఏటవాలుగా కోసి రంగెయ్యి. ఇన్‌టేక్ మూత మాత్రం మీ నాన్నగారినే చెయ్యమను, కొలతలు ఆయనకి నోటికొచ్చుంటాయి, అట్టముక్క, కత్తెర ఇచ్చి పక్కన కూర్చో.