అప్‌డేట్: పక్క ఖాళీ స్థలంలో మురుగు, దోమలు - విశాఖ మురళీనగర్

అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలంలో మురుగు నిలిచి దోమలు, మా గోడకి చెమ్మ అని అడిగింది నేనే. సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

పనిచేసింది సోమవారం పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ కార్యక్రమం) ఫొటోలతో ఇచ్చిన అర్జీ. శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి లార్వా చచ్చే మందు కొట్టించారు, స్థలం ఓనర్‌కి నోటీసు వెళ్లింది. ఆయన గొణుక్కుంటూనే మట్టి తోలించి మెరక చేయించాడు. ఫాగింగ్ కోసం పట్టుబట్టకండి, దానికి ఎగిరే దోమలే చస్తాయి, నీళ్లలో లార్వా అలాగే ఉంటుంది. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద, అంటే జనానికి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆర్డర్ కోసం, మేజిస్ట్రేట్ దాకా వెళ్లే అవసరం రాలేదు.

గోడ చెమ్మకీ ఆ నీళ్లకీ అసలు సంబంధమే లేదు! ప్లంబర్ చూస్తే పై ఫ్లాట్ బాత్రూమ్ పైపు లీకు. అది వాళ్లే బాగుచేయించారు.

డెంగీ దోమ ఎక్కువగా మంచినీళ్లలోనే పెరుగుతుందట, పూలకుండీల కింద ప్లేట్లు కూడా చూసుకోండి.