ఇంటి కింది వాటాను ఆఫీసుకు అద్దెకు ఇవ్వవచ్చా? ఒడిశాలోని బరంపురంలో నియమాలు ఎలా ఉన్నాయి?

ప్రశ్న: లొచ్చాపడా గృహస్థు

పెద్దలందరికీ నమస్కారం. బరంపురంలో లొచ్చాపడా వైపు 30 అడుగుల రోడ్డు మీద మాకు రెండంతస్తుల ఇల్లు ఉంది. పైన మేము ఉంటున్నాము. 1,200 చదరపు అడుగుల కింది వాటా ఖాళీగా ఉంది. దానిని ఇద్దరు అద్దెకు అడుగుతున్నారు. ఒకరు ఇద్దరు గుమాస్తాలతో పనిచేసే ఆడిటరు. రెండవది చిన్న అప్పులిచ్చే ఫైనాన్సు సంస్థ. వారు దాదాపు రెట్టింపు అద్దె ఇస్తామంటున్నారు. మా ప్లాను నివాసానికే మంజూరైంది. పట్టాలో కిసం (భూమి రకం) ‘ఘరబారి’, అంటే ఇంటి స్థలం, అని ఉన్నందున ఏ ఆఫీసు పెట్టినా అడిగేవారు ఉండరని బ్రోకరు చెబుతున్నాడు. ఎదురింటివారు మాత్రం ఫిర్యాదు చేస్తామంటున్నారు. ఇందులో ఏది సరైనది? ఆఫీసుకు ఇవ్వదలచుకుంటే ఇంట్లో ఏ మార్పులు చేయించాలి?

జవాబు 1: ప్లాన్లు గీసే ఇంజినీరు

బ్రోకరు మాటను పక్కన పెట్టండి. కిసం అనేది తహసీలు కార్యాలయపు లెక్క. ఘరబారి అని ఉంటే, 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8-ఎ సెక్షను కింద సాగుభూమిని మార్పించుకోవలసిన పని లేదని అర్థం, అంతే. కట్టిన భవనాన్ని దేనికి వాడుకోవచ్చునో తేల్చేవి వేరే ఉన్నాయి: 1982 నాటి ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం, ఆ చట్టం కింద అథారిటీలన్నిటికీ ఉమ్మడిగా వచ్చిన 2020 నాటి ప్రణాళిక, భవన ప్రమాణాల నియమాలు, మన ఊరి మాస్టర్ ప్లాను. మీ ప్లాటు నంబరు మాస్టర్ ప్లానులో ఏ జోనులో పడిందో ముందుగా బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ (బీడీఏ)లో రాతపూర్వకంగా తెలుసుకొని, నివాస జోనులో ఏ వినియోగాన్ని నేరుగా అనుమతిస్తారు, దేనికి ప్రత్యేక అనుమతి కావాలి, దేనిని నిషేధించారు అన్న పట్టికను చదివిన తరువాతే అద్దె సంగతి మాట్లాడండి.

ఇక ఇంటి సంగతి. జాతీయ భవన నిర్మాణ కోడ్ లెక్కలో ఆఫీసుకు మనిషికి 10 చదరపు మీటర్లు చొప్పున వేస్తారు. మీ కింది వాటా సుమారు 111 చదరపు మీటర్లు, అంటే పదకొండు మంది. ఆడిటరుకు ఇది చాలినంత. ఫైనాన్సు సంస్థకు సిబ్బంది ఆ లెక్కలో ఇమిడినా, వాయిదాలు కట్టే రోజున వచ్చే జనం ఇమడరు.

పార్కింగు దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. 2016 నాటి కేంద్ర భవన నిర్మాణ నమూనా బైలాల ప్రకారం ఆరుబయట ఒక కారుకు 23 చదరపు మీటర్లు, అంటే దాదాపు 250 చదరపు అడుగులు లెక్కకట్టాలి. అంత చోటు మీ కాంపౌండు లోపల దొరకాలి తప్ప రోడ్డు మార్జినును చూపించి నెట్టుకురావడం కుదరదు. బయటివారు వచ్చే చోటు కనుక చక్రాల కుర్చీ ఎక్కడానికి ర్యాంపు (వాలుదారి) కూడా ఉండాలి. ఇంటి పునాది ఎత్తు 45 సెంటీమీటర్లు ఉంటే 1:12 వాలుకు (ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు) 5.4 మీటర్ల పొడవు, అంటే సుమారు 18 అడుగులు పడుతుంది. ఇంటి ముందు వదిలిన ఖాళీలో (సెట్‌బ్యాకులో) అంత పొడవు తిన్నగా పట్టకపోతే గోడ వెంబడి తిప్పి కట్టాలి. మన వీధుల్లో చాలామంది చేసినట్లు మురుగు కాలువ మీద పలక వేసి రోడ్డు మీదికి దించితే, వానాకాలంలో ఆ కాలువ పూడిక తీయడానికి ఎవరికీ వీలుండదు.

జవాబు 2: జిల్లా కోర్టు న్యాయవాది

ఇంజినీరు గారు చెప్పినదానికి కోర్టుల వైపు నుంచి కొంత చేర్చుతాను. నోయిడాలో నివాస సెక్టార్లలో నడుస్తున్న బ్యాంకుల శాఖల విషయంలో సుప్రీంకోర్టు 2011 డిసెంబరులో తీర్పు చెబుతూ, ప్రజలకు సౌకర్యంగా ఉన్నదన్న వాదనను అంగీకరించలేదు. మాస్టర్ ప్లానుకు విరుద్ధమైన వినియోగం ఆగవలసిందేనని తేల్చింది. డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టులు మాత్రం తమ ఇంటి కింది అంతస్తులో 30 శాతం మేరకు వృత్తికి వాడుకోవచ్చునన్న సడలింపు అక్కడ ఉంది. ఢిల్లీలో 2021 మాస్టర్ ప్లాను ఆ పరిమితిని 50 శాతంగా పెట్టింది. ఈ అంకెలను తెచ్చి బరంపురానికి అంటించరాదు. ఒడిశా నియమాలే మనకు వర్తిస్తాయి.

మీరు గమనించవలసిన చిక్కు మరొకటి ఉంది. ఇటువంటి సడలింపులు సాధారణంగా ఆ ఇంట్లోనే కాపురముండే వృత్తిదారుని ఉద్దేశించి పెట్టినవి. మీ ఆడిటరు వేరే చోట కాపురముండి ఇక్కడికి పగటిపూట మాత్రమే వస్తే, ఆయన వృత్తి ఎంత నిరపాయమైనదైనా సడలింపు దొరకకపోవచ్చు. ఫైనాన్సు సంస్థకైతే వృత్తి అన్న పేరే కుదరదు.

జవాబు 3: పెద్ద బజారు నివాసి

ఎదురింటివారి పక్షాన ఎవరూ మాట్లాడలేదు కనుక నేను రాస్తున్నాను. మా పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి, నేతవారి ఇళ్లలో మగ్గం నడిచేది కూడా నట్టింటికి దగ్గరలోనే. కాబట్టి ఇంట్లో పని చేసుకోవడాన్ని మా వీధిలో ఎవరూ తప్పు పట్టరు. మా పక్క వాటాలోకి ఒక అప్పుల సంస్థ వచ్చిన తరువాత మాత్రం ఉదయం పదింటి నుంచి మా గుమ్మానికి అడ్డంగా మోటారు సైకిళ్లు, కరెంటు పోయినప్పుడల్లా మా కిటికీ కిందనే జనరేటరు. ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పదింటి తరువాత 45 డెసిబెల్సుకు మించరాదు. ఆ మాట ఇంటి యజమానితో అంటే, అద్దెకున్నవారిని అడగమన్నారు! మీరు పైనే ఉంటారు కనుక ఆ రొద మొదట మీకే వినబడుతుంది.

లొచ్చాపడా గృహస్థు

అందరికీ కృతజ్ఞతలు. ఫైనాన్సు సంస్థకు కాదని చెప్పేస్తాము. ఆడిటరు గారి విషయంలో బీడీఏలో ఏమని దరఖాస్తు చేయాలి?

ఇంజినీరు

వినియోగ మార్పుకు అనుమతి కోరుతూ పెట్టండి; మంజూరైన ప్లాను నకలు, కింది అంతస్తులో ఎక్కడ ఆఫీసు, ఎక్కడ పార్కింగు అని చూపే గీత జతచేయండి. సందర్శకుల మరుగుదొడ్డికి మీ మెట్ల మార్గం గుండా వెళ్లనవసరం లేకుండా చూపించండి, లేకపోతే రేపు ఇంటి ఆడవాళ్లకే ఇబ్బంది. అనుమతి చేతికొచ్చిన తరువాతే అద్దె కాగితం రాసుకోండి. కింది వాటాకు వేరే మీటరు పెట్టించి, దానిని గృహ కేటగిరీ నుంచి జనరల్ పర్పస్‌కు (ఇళ్లకు కాని వాడకపు కేటగిరీకి) మార్పించడం మరువకండి. అలా మార్పించకుండా ఆఫీసు నడిపితే, తనిఖీలో పట్టుబడినప్పుడు జరిమానా బిల్లు మీటరు ఎవరి పేరున ఉంటే వారికే వస్తుంది.